డబ్బు ఎవరి దగ్గర నుంచి వస్తోంది?

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాజన సభలో ఒక గ్రామ సమాఖ్య సభ్యురాలు చేసిన ప్రసంగం. సభకు రాలేకపోయిన సభ్యుల కోసం ఈ సంచికలో ఇస్తున్నాం.)



మైకు పట్టుకొని మాట్లాడటం నాకు కొత్త. గ్రూపులో పదహారేళ్లుగా ఉన్నాను. పొదుపు పుస్తకం రాయమంటే రాస్తాను, బ్యాంకుకు వెళ్లమంటే వెళ్తాను. ఇంతమంది ముందు నిలబడటం మాత్రం ఇదే మొదటిసారి. మాట తడబడితే మీ ఇంటి ఆడపడుచనుకొని సర్దుకోండి.

"ఆన్‌లైన్‌లో కమీషన్ పని అంటున్నారు, దానికి మనుషుల్ని ఎలా చేర్పిస్తున్నారో నాలుగు మాటలు చెప్పమ్మా" అని ఏపీఎం గారు నన్ను అడిగారు. నన్నే ఎందుకు అడిగారో మా ఊరి వాళ్లకు తెలుసు. మిగతా ఊళ్ల వాళ్లకు నేనే చెప్తాను. మా ఊళ్లో ఆ పనిలోకి తొమ్మిది మందిని చేర్పించింది నేనే. మా గ్రూపులో ఆరుగురు, పక్క గ్రూపుల్లో ఇద్దరు, మా సొంత తోటికోడలు. మోసపోయినదాన్ని అని చెప్పుకుంటే మీరు జాలిపడతారు. నేను మోసపోయాను, మోసం చేశాను కూడా. రెండూ చెప్పకపోతే ఇక్కడికి వచ్చి లాభం లేదు.

మొదలైంది ఇలా

మూడేళ్ల కిందట శ్రావణమాసంలో నా చిన్నప్పటి స్నేహితురాలి చెల్లెలు ఫోన్ చేసింది. ఎన్నో ఏళ్లుగా మా మధ్య మాటల్లేవు. పిల్లలేం చదువుతున్నారు, అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు తగ్గాయా అని అన్నీ అడిగింది. చివర్లో అసలు సంగతికి వచ్చింది. "అక్కా, ఇంట్లో కూర్చొని ఫోన్లో చేసుకునే పని ఒకటుంది. నీలాంటి మాట తెలిసినవాళ్లకి బాగా కలిసొస్తుంది. రాత్రి ఎనిమిదింటికి జూమ్ మీటింగ్ ఉంది, లింకు పంపిస్తా" అంది. ఏం పని అని రెండుసార్లు అడిగాను. "ఫోన్లో చెప్పేది కాదక్కా, చూస్తే నీకే తెలుస్తుంది" అంది. చెప్పలేని పని ఏముంటుంది? ఆ మాటకే నేను ఆగాల్సింది.

అప్పుడు మా పెద్దమ్మాయి ఇంటర్‌లో చేరింది. కాలేజీ ఫీజు, బస్సు పాసు, పుస్తకాలు. మా ఆయన తాపీ పనికి వెళ్తాడు, వానాకాలంలో పని సరిగా ఉండదు. నెలకు ఓ మూడు వేలు అదనంగా వస్తే చాలని మనసులో ఉంది. ఆ రాత్రి పిల్లల్ని పడుకోబెట్టి, ఫోను చెంబుకు ఆనించి పెట్టుకొని చూశాను.

వాళ్లు చెప్పిన పేరు అఫిలియేట్ మార్కెటింగ్. "పెద్ద పెద్ద కంపెనీలే ఈ పద్ధతిలో అమ్ముతున్నాయి. మీ పేరు మీద ఒక లింకు ఇస్తారు, ఆ లింకు మీద ఎవరన్నా కొంటే మీకు కమీషన్" అన్నారు. ఈ మాట అబద్ధం కాదు. అలాంటి పని నిజంగా ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను. నిజం ఉన్న మాటతో మొదలుపెట్టారు కాబట్టే నాకు అనుమానం రాలేదు.

వాళ్ల పద్ధతి ఏమిటంటే, ముందు నేను 6,500 రూపాయలు కట్టి ఒక ప్యాకేజీ కొనాలి. అందులో వీడియో పాఠాలు ఉంటాయి. ఇంగ్లీషు మాట్లాడటం, ఫోన్లో ఫోటోలు తీయడం, సోషల్ మీడియాలో పోస్టులు పెట్టడం, ఇలాంటివి. కట్టాక నా పేరు మీద లింకు వస్తుంది. ఆ లింకు మీద ఎవరు 6,500 కట్టి చేరినా నాకు 2,500 వస్తుంది.

6,500 నా దగ్గర లేవు. గ్రూపులో అంతర్గత అప్పు అడిగాను. దేనికని అడిగితే గేదెకు దాణా కోసం అన్నాను. తీర్మానం పుస్తకంలో అదే రాశారు, కింద నేను సంతకం పెట్టాను. పదహారేళ్లలో ఆ పుస్తకంలో నేను రాయించిన మొదటి అబద్ధం అది. ఆ పేజీ ఇప్పటికీ ఉంది.

మనుషుల్ని ఎలా వెతకమన్నారో వినండి

చేరిన మర్నాడు నుంచి ట్రైనింగు. మీరు శ్రద్ధగా వినాల్సింది ఈ భాగమే. రేపు మీ ఇంటికి ఎవరన్నా వస్తే వాళ్లు ఏ పాఠం నేర్చుకొని వచ్చారో మీకు తెలుస్తుంది.

మొదటి పాఠం, వంద పేర్ల జాబితా. ఫోన్లో ఉన్న నంబర్లన్నీ తీసి వంద పేర్లు రాయమన్నారు. ఆ పేర్లున్నవాళ్లను ప్రాస్పెక్టులు అనాలట. అంటే మన దగ్గర చేరే అవకాశం ఉన్నవాళ్లు. ఒక్కో పేరు పక్కన మూడు సంగతులు రాయాలి. ఆమె నిన్ను ఎంత నమ్ముతుంది? ఆమెకు ఇప్పుడు డబ్బు అవసరం ఏముంది? కట్టడానికి ఆమె దగ్గర డబ్బు వచ్చే దారి ఏమిటి? నేను కూర్చొని రాశాను. ఒకామెకు కూతురి పెళ్లి. ఒకామె భర్త మంచాన పడ్డాడు. ఒకామెకు నిన్న మొన్ననే బ్యాంకు లింకేజీ డబ్బు చేతికొచ్చింది. గ్రూపు మీటింగుల్లో కష్టం చెప్పుకున్నప్పుడు విన్న మాటలన్నీ ఆ కాగితం మీదికి ఎక్కాయి. రాసేటప్పుడు నాకు తప్పనిపించలేదు. ఇప్పుడు ఆ కాగితం గుర్తొస్తే తల ఎత్తలేను.

రెండో పాఠం, పని ఏమిటో ముందు చెప్పొద్దు. "ఒక అవకాశం ఉంది" అనాలి, అంతే. డబ్బు కట్టాలన్న మాట మీటింగు చివరిదాకా రాకూడదు.

మూడో పాఠం, స్టేటస్. రోజూ వాట్సాప్‌లో ఏదో ఒకటి పెట్టాలి. డబ్బు వచ్చినట్టు స్క్రీన్‌షాటు, కొత్త చీర ఫోటో, "నా కాళ్ల మీద నేను నిలబడ్డాను" అనే మాట. నాకు మొదటి 2,500 వచ్చిన రోజు పెట్టిన స్క్రీన్‌షాటు చూసి నలుగురు ఫోన్ చేశారు. అందులో ఇద్దరు చేరారు. నేను 6,500 కట్టి ఉన్నానని, ఇంకా 4,000 నష్టంలోనే ఉన్నానని ఆ స్క్రీన్‌షాటులో కనపడదు కదా.

నాలుగో పాఠం, పైవాళ్లతో మాట్లాడించడం. ఎవరన్నా ఊగిసలాడుతుంటే మన పైనున్న ఆమెను, అప్‌లైన్ అంటారు, ఫోన్లో కలపాలి. ఆమె ఎంతో ప్రేమగా మాట్లాడుతుంది. రెండు వైపుల నుంచి ఇద్దరు చెప్తుంటే కాదనడం కష్టం. పైగా "ఈ ఆఫర్ ఈ రాత్రి పన్నెండింటి వరకే" అంటారు. మర్నాడు పొద్దున్న చూస్తే అదే ఆఫర్ ఉంటుంది.

ఐదో పాఠం, కాదన్నవాళ్లకు జవాబులు. ఇవి ముందే రాసి ఇచ్చారు. డబ్బు లేదంటే, "గ్రూపులో తీసుకో, రెండు నెలల్లో కట్టేస్తావు" అనాలి. మా ఆయన్ని అడగాలంటే, "సంపాదించి చూపించు, అప్పుడు ఆయనే మెచ్చుకుంటాడు" అనాలి. ఇది గొలుసు పథకమా అంటే, "నీకు నా మీద నమ్మకం లేదా వదినా" అనాలి. ఈ చివరి మాట అన్నాక మన ఊళ్లలో ఎవరు కాదంటారు చెప్పండి?

మన గ్రూపుల మీదే వాళ్ల కన్ను ఎందుకు? నేను వాళ్లలో ఒకదాన్నయ్యాను కాబట్టి చెప్పగలను. ఒకచోట పది పన్నెండు మంది కలుస్తారు. ఒకరి మాట ఒకరు నమ్ముతారు. అందరి నంబర్లు అందరి దగ్గరా ఉంటాయి. అప్పు పుట్టే చోటు అక్కడే ఉంది. ఏళ్ల తరబడి నెల నెలా పొదుపు కట్టి, వాయిదా తప్పకుండా తీర్చి మనం సంపాదించుకున్న నమ్మకం అది. దాన్ని నేను మనిషికి 2,500 చొప్పున అమ్ముకున్నాను.

లెక్క

ఇప్పుడు లెక్క చెప్తాను. నాతో కలిపి మా తొమ్మిది మంది, వాళ్లలో ఇద్దరు చెరొకరిని చేర్చారు, మొత్తం పన్నెండు మంది. ఒక్కొక్కరం 6,500. మా ఊరి నుంచి పోయింది 78,000 రూపాయలు. తిరిగి వచ్చింది ఎంత? నాకు తొమ్మిది మంది మీద 22,500. ఆ ఇద్దరికీ చెరొక 2,500. మొత్తం 27,500. మిగిలిన 50,500 ఊరు దాటి పోయింది. పన్నెండు మందిలో లాభం చూసింది నేనొక్కదాన్నే. తొమ్మిది మందికి ఒక్క రూపాయి రాలేదు.

ఇంకో సంగతి చూడండి. ఆ వీడియో పాఠాలు నేర్చుకుందామని ఎవరైనా కొన్నారా? ఒక్కరూ కొనలేదు. పన్నెండు మందీ ఇంకొకరిని చేర్చి 2,500 సంపాదించడానికే కొన్నాం. సగం మంది వీడియోలు తెరిచి కూడా చూడలేదు. కాబట్టి నాకొచ్చిన 22,500 ఏదో కంపెనీ లాభం లోంచి ఇచ్చింది కాదు. మా వాళ్లు కట్టిన డబ్బే. వాళ్ల జేబులోంచి తీసి, అందులో కొంత నా చేతిలో పెట్టారు.

"అందరూ కష్టపడి చేర్పించుంటే అందరికీ వచ్చేదిగా" అని కొందరు ఇప్పటికీ అంటారు. సరే, అందరూ కష్టపడ్డారనే అనుకుందాం. కట్టిన 6,500 వెనక్కి రావాలంటేనే ఒక్కొక్కరు ముగ్గురిని చేర్చాలి. నాలుగు డబ్బులు మిగలాలంటే ఐదుగురు అనుకోండి. నా కింద 5 మంది. వాళ్ల కింద 25. తర్వాత 125, 625, 3,125. ఆరో మెట్టుకు 15,625. పదో మెట్టుకు 97 లక్షల 65 వేల పైచిలుకు. పదకొండో మెట్టుకు 4 కోట్ల 88 లక్షలు. పన్నెండో మెట్టుకు 24 కోట్ల 41 లక్షల మంది కావాలి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం జనాభా సుమారు 8 కోట్ల 46 లక్షలు. పసిపిల్లల్ని, పండు ముసలివాళ్లను కలుపుకున్నా సరిపోరు.

అంతదూరం పోకుండానే తెలిసే సంగతి ఇంకొకటుంది. ఆరో మెట్టు దాకా నాతో సహా అందరినీ కలిపితే 19,531 మంది. అందులో చివరి మెట్టు మీద ఉన్నవాళ్లు 15,625 మంది. అంటే నూటికి ఎనభై మంది కింద ఇంకా ఎవరూ లేరు. వాళ్లందరూ డబ్బు కట్టినవాళ్లే, ఒక్క పైసా రానివాళ్లే. ఎప్పుడు ఆగినా లెక్క ఇలాగే ఉంటుంది. కష్టం చాలక నష్టపోయినవాళ్లు కాదు వాళ్లు. ఆ లెక్కలో నూటికి ఎనభై మంది నష్టపోక తప్పదు.

ఏడు నెలల తర్వాత ఆ యాప్ తెరుచుకోవడం మానేసింది. వాట్సాప్ గ్రూపులో మేము రాయడానికి వీల్లేకుండా చేశారు. నన్ను చేర్పించిన ఆమె ఫోను ఎత్తలేదు. నా ఫోను మాత్రం రోజూ మోగింది.

నిజమైన కమీషన్ పని ఎలా ఉంటుంది

ఇదంతా విని ఆన్‌లైన్ కమీషన్ పనులన్నీ దొంగవే అనుకోవద్దు. కమీషన్ పని మనకు కొత్త కాదు. ఇల్లిల్లూ తిరిగి పోస్టాఫీసు ఆర్‌డీ కట్టించే మహిళా ఏజెంట్లు మన ఊళ్లలో ఉన్నారు. బీమా ఏజెంట్లు ఉన్నారు. ఆర్‌డీ కట్టిన ఆమెకు తన డబ్బు, వడ్డీ పాస్ పుస్తకంలో కనపడతాయి. ఏజెంటుకు కమీషన్ వస్తుంది. కట్టిన ఆమె ఇంకో నలుగురిని తేనక్కర్లేదు.

అఫిలియేట్ పని కూడా సరిగ్గా జరిగితే అంతే. అమెజాన్ సంగతి తీసుకోండి. 1996 నుంచే వాళ్లకు ఈ పద్ధతి ఉంది. చేరడానికి రూపాయి కట్టక్కర్లేదు. మన పేరు మీద లింకు తీసుకొని పంపిస్తాం. ఆ లింకు నొక్కినవాళ్లు 24 గంటల్లోపు వస్తువు కొనుక్కునేందుకు తీసుకుంటే మనకు కమీషన్ రాసుకుంటారు. వస్తువును బట్టి కమీషన్ మారుతుంది, ఫోన్ల లాంటివాటికి చాలా తక్కువ. మన లింకు మీద మనమే కొనుక్కుంటే కమీషన్ ఇవ్వరు. వస్తువు వెనక్కి ఇచ్చేస్తే కమీషన్ కూడా పోతుంది. ఇక్కడ డబ్బు కొన్నవాళ్ల దగ్గర నుంచి వస్తుంది. వాళ్లకు వస్తువు చేతికి అందుతుంది.

ఆదాయం ఎంత అంటారా? నూటికి ఐదు కమీషన్ అనుకుందాం. వెయ్యి రూపాయల వస్తువు అమ్ముడైతే 50 రూపాయలు. నెలకు 3,000 రావాలంటే అలాంటివి 60 అమ్ముడవ్వాలి. మన ఫోన్లో ఉన్నవాళ్లందరూ కలిపి నెలకు 60 వస్తువులు కొంటారా? మీరే చెప్పండి. చీరలు, డ్రెస్సులు ఫోటోలు పెట్టి మార్జిన్ వేసుకొని అమ్మే పని ఇంకొకటి. 350కి వచ్చిన చీర 420కి అమ్మితే 70 మిగులుతుంది. రంగు వేరుగా వచ్చిందని వెనక్కి ఇస్తే అదీ పోతుంది, మాట కూడా పడుతుంది.

నేను ఇప్పుడు ఆ రెండో పని కొద్దిగా చేస్తున్నాను. పండగ నెలలో 1,800 దాకా వచ్చింది. ఖాళీ నెలలో 300 కూడా రాలేదు. ఈ అంకె చెప్పినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టరని తెలుసు. కానీ ఇది నిజం అంకె.

కొనేవాళ్లను వెతకడంలో కూడా నేను కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. ధర ముందే చెప్తాను. ఇందులో నాకు ఇంత మిగులుతుందని చెప్తాను. ఇది నా మంచితనం కాదు, చెప్పాల్సిన సంగతే. వినియోగదారుల రక్షణ చట్టం కింద 2022 జూన్‌లో వచ్చిన ప్రకటనల మార్గదర్శకాల్లో, ఒక వస్తువును మెచ్చుకొని చెప్పేవాళ్లకు కంపెనీతో డబ్బు సంబంధం ఉంటే ఆ మాట బయటపెట్టాలని ఉంది. నేను చూడని వస్తువు బాగుందని చెప్పను. వద్దన్నవాళ్లను రెండోసారి అడగను. గ్రూపు మీటింగులో సరుకు మాట ఎత్తను. ఎవరి కష్టమూ కాగితం మీద రాసుకోను.

చట్టం ఏమంటుంది

గొలుసు పథకాలను నిషేధిస్తూ మన దేశంలో 1978 లోనే చట్టం వచ్చింది. ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం అంటారు. కొత్తవాళ్లను చేర్చడం మీద డబ్బు వచ్చే పథకం నడిపినవాళ్లే కాదు, అందులో పాల్గొన్నవాళ్లు కూడా ఆ చట్టం కిందికి వస్తారు. మూడేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు అన్నం దిగలేదు. నేను కేవలం బాధితురాలిని అనుకుంటున్నాను, చట్టం దృష్టిలో వేరే మాట కూడా ఉంది.

2021 డిసెంబరులో డైరెక్ట్ సెల్లింగ్ నియమాలు వచ్చాయి. ఇంటికి వచ్చి అమ్మే కంపెనీలకు, వాళ్ల మనుషులకు అవి వర్తిస్తాయి. అమ్మకం పేరు చెప్పి పిరమిడ్ పథకం నడపకూడదు, అందులోకి ఎవరినీ చేర్చకూడదు. గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అడగకుండా ఇంటికి రాకూడదు. కాబట్టి వచ్చినవాళ్లను కార్డు చూపించమనడం అమర్యాద కాదు, అది మన హక్కు.

ఎవరైనా ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే సిగ్గుపడి దాచుకోవద్దు. ఫోన్లో జరిగిన డబ్బు మోసానికి వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత అవకాశం. వస్తువు విషయంలో ఫిర్యాదుకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. స్క్రీన్‌షాట్లు, డబ్బు పంపిన రసీదులు చెరిపేయొద్దు. నేను కోపంలో సగం చెరిపేశాను, తర్వాత పోలీస్ స్టేషన్లో అవే అడిగారు.

గ్రూపులో ఏం జరిగింది

యాప్ ఆగిపోయిన నెలలో మీటింగుకు వెళ్లకుండా తప్పించుకుందామనుకున్నాను. మా అత్తగారు అన్న మాటకు వెళ్లాను. "నువ్వు వెళ్లకపోతే నీ మాట వాళ్లు చెప్తారు, వెళ్తే నువ్వే చెప్పుకోవచ్చు" అంది. వెళ్లి అంతా చెప్పాను. గేదె దాణా అబద్ధం కూడా చెప్పాను. ఒకామె లేచి నన్ను గ్రూపులోంచి తీసేయమంది. ఆమె భర్త మంచాన పడ్డవాడు, మందుల డబ్బు నా మాట మీద కట్టింది. ఆమె అన్నది అన్యాయం కాదు.

రెండు మీటింగులు దీని మీదే నడిచాయి. చివరికి తీర్మానం చేశారు. నాకొచ్చిన 22,500 నా దగ్గర ఉంచుకోకూడదు, తొమ్మిది మందికి తలా 2,500 తిరిగి ఇవ్వాలి. నెలకు 1,500 చొప్పున పదిహేను నెలలు కట్టాను. కూలికి వెళ్లాను, మా అమ్మాయి కూడా సెలవుల్లో నాతో మిరపకాయ కోతకు వచ్చింది. గ్రూపు అప్పు వేరుగా వడ్డీతో తీర్చాను. నేను కట్టింది పూర్తయినా, తొమ్మిది మందిలో ఏడుగురికి ఇంకా తలా 4,000 నష్టమే. అది నేను తీర్చలేకపోయాను.

మా తోటికోడలు తన 2,500 తీసుకుంది. ఇప్పటికీ నాతో మాట్లాడదు. ఒకే ప్రహరీలో ఉంటాం. మందుల డబ్బు పోగొట్టుకున్నామె గ్రూపు మానేసింది. పదకొండేళ్ల పొదుపు ఉన్న మనిషి. విఓఏ వెళ్లి పిలిచింది, నేను వెళ్లి పిలిచాను. "చూద్దాంలే" అంటుంది.

మీకు చెప్పే మాటలు

రేపు మీ దగ్గరికి ఎవరైనా ఇలాంటి పని పట్టుకొని వస్తే, ఒక్క ప్రశ్న అడగండి. "నాకొచ్చే డబ్బు ఎవరి దగ్గర నుంచి వస్తోంది?" వస్తువు కొని వాడుకునేవాళ్ల దగ్గర నుంచా, నా తర్వాత చేరేవాళ్ల దగ్గర నుంచా? జవాబు తిన్నగా రాకపోతే లేచి రండి. చేరేవాళ్ల దగ్గర నుంచి అయితే, వచ్చేది మీ అక్క డబ్బో, చెల్లి డబ్బో, వదిన డబ్బో అని తెలుసుకోండి.

వచ్చిన మనిషి మీద కోపం తెచ్చుకోవద్దు. ఆమె కూడా అప్పు చేసి కట్టి, అది తీర్చుకోవడానికే మీ గుమ్మం ఎక్కి ఉండొచ్చు. నేను అలాగే ఎక్కాను. ఆమెను కూర్చోబెట్టి, కాగితం మీద 5, 25, 125 రాసి చూపించండి.

మన పంచసూత్రాలు అందరికీ తెలుసు. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, వాయిదా చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. నేను చేసిన పని వీటిలో ఎక్కడ దొరికిపోయేదో ఆలోచించాను. సమావేశంలో ముందే నిజం చెప్పి ఉంటే ఎవరో ఒకరు లెక్క అడిగేవారు. అప్పు దేనికో నిజం రాయించి ఉంటే లీడరు ఆపేది. రాత్రి పన్నెండింటిలోపు కట్టాలన్నది అందుకే. మీటింగు దాకా ఆగితే ఆ పథకం బతకదు.

కాబట్టి మా గ్రామ సమాఖ్యలో చేసుకున్న తీర్మానాన్ని మండల సమాఖ్య ముందు కూడా పెడుతున్నాను. ఒకటి, గ్రూపు మీటింగులో ఏ వ్యాపారంలోకీ సభ్యుల్ని చేర్పించకూడదు. రెండు, చేరడానికి ముందు డబ్బు కట్టమనే ఏ పని అయినా, కట్టే ముందు గ్రూపులో చెప్పి వచ్చే మీటింగు దాకా ఆగాలి. మూడు, అలాంటి పనికి అంతర్గత అప్పు ఇవ్వకూడదు. నాలుగు, మోసపోయి వచ్చి నిజం చెప్పుకున్న సభ్యురాలిని అందుకోసం గ్రూపులోంచి తీసేయకూడదు. ఈ నాలుగోది నా కోసం అడుగుతున్నానని మీకు అనిపించవచ్చు. నా సంగతి అయిపోయింది. ఈ హాల్లో ఇప్పుడు కూర్చొని, తను కట్టిన డబ్బు సంగతి ఇంకా ఎవరికీ చెప్పనామె కోసం అడుగుతున్నాను. ఒకరో ఇద్దరో ఉండే ఉంటారు. అమ్మా, వచ్చే మీటింగులో చెప్పు. నేను చెప్పాను, ఇక్కడ నిలబడే ఉన్నాను.